ముప్పై ఒకటో ప్రశ్న

లోపాల నివేదికలో మనిషి పేరు రాయకూడదు. ఏ తెర మీద ఏ అంకె తప్పింది, ఎంత ఉండాలి, ఎంత ఉంది. అంతవరకే. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేరిన మొదటి రోజే నాకీ మాట చెప్పారు. నోట్‌బుక్కులో రాసుకుని కింద రెండు గీతలు కూడా గీశాను. రెండో ఏడాది దాన్ని మీరాను. మీలో చాలామంది వచ్చే జూన్‌లో ఆ కుర్చీల్లో కూర్చోబోతున్నారు కాబట్టి, ఎలా మీరానో చెబుతాను.

నాది రిటైరయ్యే వయసు కాదు. ముప్పై నిండి రెండేళ్ళయింది. అయినా ఆ పని నుంచి రిటైరయ్యాననే చెప్పుకుంటాను. ఇప్పుడు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతున్నాను. ఇక్కడ తప్పు చేస్తే పిల్లలు వెంటనే నవ్వుతారు. అదొక సౌకర్యం.

మా కంపెనీ సికింద్రాబాద్ క్లాక్ టవర్ దగ్గర, ఒక బట్టల దుకాణం పైన రెండో అంతస్తులో ఉండేది. ఊరంతా మాదాపూర్ వైపు అద్దాల మేడల్లోకి పరుగు పెడుతున్న రోజులు. మేం నలభై మందిమి మాత్రం చీరల మూటల మధ్య నుంచి మెట్లెక్కి వెళ్ళి యూరప్‌కి సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళం.

ఆ ఏడాది వచ్చిన పని విచిత్రమైనది. అక్కడి శిక్షణ సంస్థ ఒకటి, దూరపు అంతరిక్ష యాత్రలను నేల మీద నుంచి నడిపే బృందాల చేత ముందే కసరత్తులు చేయిస్తుంది. తెర మీద ఒక ఆపద వస్తుంది, బృందం నిర్ణయం తీసుకోవాలి. మాకిచ్చిన ఆపద ఇది: భూమికి నెలల దూరంలో ఒక వ్యోమగామి చనిపోయాడు. శరీరాన్ని ఏం చేస్తారు?

నాలుగు దారులు ఇచ్చారు. తిరిగి భూమికి తేవడం. నౌక బయట కట్టి ఉంచి, తర్వాత ఆలోచించడం. అంతరిక్షంలో వదిలేయడం. దిగిన నేల మీదే పూడ్చడం. ఒక్కో దారికీ ఆరు అంశాల మీద పాయింట్లు పడతాయి: బరువు, ఇంధనం, చోటు, సమయం, మిగిలినవాళ్ళ ఆరోగ్యం, వాళ్ళ మనసు. ఎక్కువ పాయింట్లు వచ్చిన దారిని తెర ఆకుపచ్చ రంగులో చూపిస్తుంది.

నాకు మొదటి రోజు నుంచీ అనుమానమే. ఎవరూ ఇంకా వెళ్ళని దూరానికి చావు లెక్కలు ఇప్పుడెందుకు? వెళ్ళబోయేవాళ్ళకి ఈ సంగతి చెప్పారా? మా మేనేజర్ని అడిగాను.

"అరే భాయ్, గాళ్ళు చంద్రుని మీదికి పోతే పోనీ, చుక్కల మీదికి పోతే పోనీ. మనకు డెలివరీ డేట్ ముఖ్యం. నువ్వు జెర అంకెలు చూడు, చాలు" అన్నాడు ఆయన.

పద్మారావు నగర్లో మా ఇంట్లో అన్నం తింటూ అమ్మకు చెబితే, అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "పీనుగు లేంది దినం ఎట్ల చేస్తర్రా? పోయిండని ఇంటోళ్ళకి నమ్మకమెట్ల?" అంది. అది సాంకేతికమైన ప్రశ్న కాదని నవ్వేశాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఈ లెక్క కట్టే ప్రోగ్రాం రాసినాయన మా ఆఫీసులో అందరికన్నా పెద్ద. నలభై ఏడేళ్ళు. భీమిలి వైపు నుంచి వచ్చి కాప్రాలో కాపురముండేవాడు. సరకు ఓడల్లో ఇరవై ఏళ్ళు రేడియో ఆఫీసరుగా చేశాడు. ఉపగ్రహ ఫోన్లు వచ్చాక ఓడలకు రేడియో ఆఫీసరుతో పని లేకపోయింది. అమీర్‌పేటలో ఆర్నెల్లు కోర్సు చేసి, తన కొడుకు వయసున్న కుర్రాళ్ళ పక్కన కూర్చున్నాడు. మేమంతా ఆయన్ని కెప్టెన్ సాబ్ అనేవాళ్ళం. "కెప్టెన్ని కాను బాబూ" అని మొదట్లో సరిదిద్దేవాడు, తర్వాత మానేశాడు. ఈ ఉద్యోగం పోతే ఆ వయసులో మరొకటి దొరకదని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

రోజూ తెల్ల చొక్కా వేసేవాడు. గుండీ ఊడితే అక్కడే సొరుగులోంచి సూది తీసి కుట్టుకునేవాడు. దారం ఎప్పుడూ నలుపే.

"ఏంది కెప్టెన్ సాబ్, తెల్ల చొక్కాకు నల్ల దారమా? ఆంటీ తిట్టదా?" అని నా పక్క సీటు అమ్మాయి ఆటపట్టించేది.

"ఓడలో ఒకటే దారపుండ ఉండేదమ్మా. చెయ్యి అలవాటైపోయింది. ఊడకుండా ఉండాలి గానీ, రంగుదేటుంది?"

ఇక లెక్క దగ్గరికి వస్తాను. ప్రతి కేసునూ నేను ముందు కాగితం మీద చేత్తో కట్టి, తర్వాత తెరతో పోల్చేవాణ్ణి. మూడు దారులకు సరిపోయింది. "తిరిగి తేవడం" దగ్గర మాత్రం కాగితం మీద అరవై ఒకటి, తెర మీద అరవై తొమ్మిది. అంకెలు మార్చి ఇరవై సార్లు చేశాను. ప్రతిసారీ సరిగ్గా ఎనిమిది ఎక్కువ. పొరపాటున వచ్చే తేడా ఒకసారి మూడు ఉంటుంది, ఒకసారి పది ఉంటుంది. ప్రతిసారీ ఎనిమిది వస్తుంటే ఎవరో కావాలని పెట్టారన్నమాట. ఆ ఎనిమిది వల్ల చాలా కేసుల్లో తెర శవాన్ని ఇంటికే తెమ్మంటోంది.

అప్పటి నుంచి కెప్టెన్ సాబ్ మీద నిఘా పెట్టాను. చూసినవన్నీ నోట్‌బుక్కులో వరసగా రాశాను. నేను వెనక నుంచి వెళితే తెర మీద ఏదో మూసేస్తాడు. సొరుగులో ఇన్‌లాండ్ లెటర్ల కట్ట ఒకటి ఉంది, దానికి రబ్బరు బ్యాండు. మధ్యాహ్నం కింద ఉన్న ఎస్టీడీ బూత్ దాకా వెళ్ళి, లోపలికి పోకుండా తిరిగొస్తాడు. ఆ వారంలో మూడు సార్లు. ఈ మూడు సంగతులూ కలిపి చూస్తే నాకు ఒకటే అర్థం కనిపించింది: ఈయన ఎవరి కోసమో ఏదో చేస్తున్నాడు. ఆయన్ని అడగొచ్చన్న ఆలోచన మాత్రం నా జాబితాలో ఎక్కడా లేదు.

మంగళవారం నివేదిక పంపాను. లోపం వివరం నాలుగు వాక్యాలు. ఐదో వాక్యం: ఈ మార్పు పొరపాటు కాదు, ప్రోగ్రామర్ కావాలని చేసినది. ఆ పక్కన కెప్టెన్ సాబ్ అసలు పేరు రాశాను.

మేనేజర్ నన్ను క్యాబిన్‌లోకి పిలిచి, భుజం తట్టాడు. "మంచిగ పట్టినవ్ తమ్మీ. ముసలాయనను పెట్టుకున్నందుకు నాకు గిదే కావాలె. గురువారం క్లయింట్ కాల్ ఉంది గదా, గాళ్ళకి చెప్పేసి, గాయనను శుక్రవారం సంది రావద్దంటా."

నాకు గర్వంగానే అనిపించింది. అబద్ధం ఎందుకు.

గురువారం మధ్యాహ్నం రెండున్నరకు కాల్. పొద్దున నేను ప్రశ్నల జాబితా తెరిచాను. ఆ జాబితా సంగతి చెప్పాలి. ప్రోగ్రామర్లకు సందేహం వస్తే క్లయింట్‌ని నేరుగా అడగకూడదు. నాకు రాసి ఇస్తారు. నేను దానికొక నంబరు వేసి, ఆ నంబరు వాళ్ళకు చెప్పి, సాయంత్రం క్లయింట్‌కి పంపుతాను. ఏడు పనిదినాల్లో జవాబు రాకపోతే క్లయింట్ ఒప్పుకున్నట్టే. పని ఆగకూడదని వాళ్ళే పెట్టిన నియమం అది. జాబితా మొత్తం నా కంప్యూటర్లోనే, నా చేతిలోనే ఉండేది. కెప్టెన్ సాబ్ ఎన్ని సందేహాలు తేల్చుకోకుండా వదిలేశాడో లెక్కగట్టి మేనేజర్‌కి ఇద్దామని ఆ పొద్దున తెరిచాను.

ముప్పై ఒకటో వరస దగ్గర ఆగాను. ప్రశ్న ఇలా ఉంది: "శరీరం తిరిగి రాకపోతే ఆ కుటుంబానికి మిగిలే అనుమానాన్ని ఏడో అంశంగా లెక్కలోకి తీసుకోవచ్చా? తిరిగి తెచ్చే దారికి ఎనిమిది పాయింట్లు ఇవ్వాలని నా సూచన." అడిగినవారు: కెప్టెన్ సాబ్. తేదీ: నెల కిందటిది. పక్క గడిలో నా మాటలు: "సాంకేతికం కాదు. తర్వాత చూద్దాం." పంపిన తేదీ గడి ఖాళీ.

నాకు వచ్చిన మొదటి ఆలోచన చెబితే నవ్వుతారు. ఎవరో నా కంప్యూటర్లోకి దూరి ఈ వరస చేర్చారనుకున్నాను. ఫైలు తేదీలు చూశాను. పాత కాపీ తీసి చూశాను. అక్కడా ఉంది. "తర్వాత చూద్దాం" అన్నది నేనే. చూడనిదీ నేనే. ఆయనకు మాత్రం "ముప్పై ఒకటి" అని నంబరు చెప్పాను. ఆయన ఏడు రోజులు లెక్కపెట్టుకున్నాడు. జవాబు రాలేదు. నియమం ప్రకారం ప్రోగ్రాంలో చేర్చాడు. పక్క సీటు అమ్మాయిని ఆ భాగం తెరిచి చూపించమన్నాను. ఎనిమిది కలిపే చోట ఆయన రాసిపెట్టాడు కూడా: "ప్రశ్న 31 ప్రకారం."

"దాచినోడు గిట్ల నంబరేసి రాస్తడా?" అంది ఆ అమ్మాయి.

కిందికి దిగి ఇరానీ హోటల్లో రెండు చాయ్‌లు తాగాను. నాకు మూడు దారులు కనిపించాయి. మేనేజర్‌కి ఇప్పుడే చెప్పడం. కాల్ అయ్యాక నెమ్మదిగా చెప్పడం. ఆ వరసను చెరిపేయడం. మూడోది నా బుర్రలోకి రాలేదని చెప్పను. వచ్చింది. చాలాసేపు ఉంది కూడా.

ఏదీ చెయ్యకుండానే రెండున్నర అయింది.

చిన్న గది, బల్ల మీద స్పీకర్ ఫోన్. మేనేజర్, నేను, కెప్టెన్ సాబ్. ఆయన్ని ఎందుకు పిలిచారో ఆయనకు తెలియదు. చేతిలో పెన్నూ కాగితం పట్టుకుని, కొత్త పని చెబుతారేమోనన్నట్టు కూర్చున్నాడు. అవతల క్లయింట్ తరఫున శిక్షణ విభాగం చూసే ఒకావిడ. మేనేజర్ ఇంగ్లీషులో మొదలుపెట్టాడు: ఒక ప్రోగ్రామర్ అనుమతి లేకుండా లెక్క మార్చాడు, మేం పట్టుకున్నాం, అతన్ని తీసేస్తున్నాం.

కెప్టెన్ సాబ్ పెన్ను బల్ల మీద పెట్టాడు. నా వైపు చూడలేదు. నెలాఖరుకు ఇంకా ఎన్ని రోజులో లెక్కపెడుతున్నట్టు గోడ మీదున్న క్యాలెండర్ వైపు చూశాడు.

ఆవిడ ఒక్కటే అడిగింది: "దీని మీద ప్రశ్న ఏమైనా నమోదైందా?"

మేనేజర్ లేదని తలూపి, ఫోన్‌కి తల కనబడదని గుర్తొచ్చి, నోరు తెరిచాడు. ఈలోగా నేనన్నాను: "నమోదైంది. ముప్పై ఒకటి. నా దగ్గరే ఆగిపోయింది. నేను మీకు పంపలేదు."

మేనేజర్ ఫోన్ మీద చెయ్యి పెట్టి కప్పాడు. "ఏమంటున్నవ్ రా? దిమాక్ ఖరాబైందా?"

"నిజమే సార్. తప్పు నాది. గాయన నియమం ప్రకారమే చేసిండు."

ఆవిడ ప్రశ్న చదవమంది. చదివాను. తర్వాత, ఈ అనుమానం అనేది ఎక్కణ్ణుంచి వచ్చిందో రాసినాయన్నే చెప్పమంది.

కెప్టెన్ సాబ్ ఓడ ఇంగ్లీషులో, తడుముకోకుండా చెప్పాడు. పదకొండేళ్ళ కింద ఒక సరకు ఓడలో ఆయన గదిలోనే ఉండే ఇంజన్ రూమ్ మనిషి, భీమిలివాడే, గుండె ఆగి చనిపోయాడు. రేవు పదిహేను రోజుల దూరం. శరీరాన్ని కూరగాయల చలిగదిలో పెట్టారు. వంటవాడు కూరల కోసం వెళ్ళినప్పుడల్లా ముందు తలుపు కొట్టి, అప్పుడు లోపలికి వెళ్ళేవాడట. ఐదో రోజు చలి యంత్రం చెడిపోయింది. ఆరో రోజు ఆ ఓడ కెప్టెన్ ప్రార్థన చదివాడు, అందరూ టోపీలు తీశారు, సముద్రంలో దించారు. అన్నీ పద్ధతిగా జరిగాయి. లాగ్ పుస్తకంలో రాసిందీ, చనిపోయినవాడి పెట్టె సర్దిందీ, అందులోని సామాను జాబితా రాసిందీ ఈయనే. పెట్టె ఇంటికి వెళ్ళింది.

"ఆ పెట్టెలో అతనిది కాని చొక్కా ఒకటి వచ్చింది. రెండు సైజులు పెద్దది. చొక్కా ఇంకొకడిదైతే చావు కూడా ఇంకొకడిదే అంది అతని భార్య. దర్భలతో బొమ్మ చేసి దహనం చేద్దామని మరుదులు చెప్పారు. ఒప్పుకోలేదు. ఇవాళ్టికీ ఒప్పుకోలేదు. ఏటేటా నాకొక ఉత్తరం రాస్తుంది. మీ పట్టికలో ఇంధనం ఉంది, చోటు ఉంది. ఆవిడ లేదు. అందుకని అడిగాను."

ఆవిడకు రాస్తున్న జవాబు కనబడకుండా తెర మూసేయడం, ఆవిడ లెటర్ల కట్ట, ఆవిడకు ఫోన్ చేయబోయి బూత్ దాకా వెళ్ళి తిరిగి రావడం. నా మూడు ఆధారాలూ ఆ గదిలో ఒక్కొక్కటిగా కిందపడ్డాయి.

వారం తర్వాత ముప్పై ఒకటికి జవాబు వచ్చింది. ఏడో అంశం వద్దన్నారు. అనుమానానికి ఎనిమిదో పదో అని అంకె వెయ్యడం తమకు చేతకాదని రాశారు. దానికి బదులు, బృందం ఏ దారి ఎంచుకున్నా, కసరత్తు ముగిసే ముందు తెర మీద ఒక ఖాళీ గడి రావాలి. "ఆ కుటుంబానికి ఏం చెబుతారు? ఏం చూపిస్తారు?" పాయింట్లు లేవు. ఏదో ఒకటి రాయనిదే కసరత్తు పూర్తి కాదు. తిరిగి తేవాలా వద్దా అన్న అసలు ప్రశ్నకు జవాబు ఆ ప్రాజెక్టులో ఎవరూ చెప్పలేదు. మీరు నన్నడిగినా నా దగ్గర లేదు.

కెప్టెన్ సాబ్ ఉద్యోగం నిలిచింది. నా చేతిలోంచి జాబితా తీసి పక్క సీటు అమ్మాయికిచ్చారు. ఆవిడ నాకన్నా బాగా నడిపింది.

ఆ గురువారమే, కాల్ అయ్యాక, మెట్ల మీద ఆయన్ని ఆపి క్షమించమన్నాను. ఆయన ఒక మెట్టు దిగి ఆగాడు.

"ఫోన్ మీద అలగ చెప్పీసేవేటి బాబూ! నీ ఉద్యోగం పోతాదనుకోలేదా?"

"అనుకున్నాను సార్."

"మరేటి?"

"మీరు క్యాలెండర్ వైపు చూశారు."

ఆయన చీరల మూటలు మోసేవాళ్ళకు దారిచ్చి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "ఆ చొక్కా నాదే" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ఇంజన్ రూంలో ఒకే తాడు మీద ఆరేసేవాళ్ళం, నావీ వాడివీ. తీసి మడతెట్టింది నేనే. ఓడ దిగేక నా బట్టలు లెక్కెట్టుకుంటే ఒకటి తగ్గింది. అప్పుడే తెలిసింది. కంపెనీ ఏటంటాదో అని మొదటి ఏడు చెప్పలేదు. తరవాతేమో, ఆ చొక్కా ఉన్నంతకాలం ఆవిడకి మొగుడున్నట్టే గదా, నేనెందుకు తియ్యాలి అనుకున్నాను. ఏటేటా అదే అడుగుతాది, చొక్కా ఎవరిదని. నేను ఇంకేదో రాసి పంపుతాను. పదకొండు ఉత్తరాలు."

మర్నాడు మధ్యాహ్నం ఆయన బూత్ లోపలికి వెళ్ళాడు. నన్ను బయట నిలబడమన్నాడు. సెల్లు ఉందిగా సార్ అంటే, "మీటరు కళ్ళెదురుగా తిరుగుతుంటే అబద్ధం పొడుగవదు" అన్నాడు. ఆవిడ నంబరు ప్రతి ఉత్తరం అడుగునా ఉండేదట. అద్దంలోంచి చూశాను. ఆయన రెండు మూడు మాటలు చెప్పాడు. తర్వాత వింటూ ఉండిపోయాడు. మళ్ళీ ఏదో చెప్పి, తన చొక్కా మీద కింది నుంచి మూడో గుండీని వేలితో పట్టుకున్నాడు, అవతల ఆవిడకు కనిపిస్తున్నట్టు.

బయటికొచ్చి రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"నమ్మలేదు. నీదైతే గుర్తు చెప్పమంది. కింది నుంచి మూడో గుండీ నల్లదారం అన్నాను. ఉండు, తెస్తాను అంది. తెచ్చి చూసుకున్నాది. సరే అని ఫోను పెట్టీసింది."

ఇంకేమీ అనలేదా అని అడిగాను. లేదన్నాడు.

రెండు నెలలకు ఆఫీసు చిరునామాకు పార్సిల్ వచ్చింది. గుడ్డలో పెట్టి కుట్టి, లక్క వేసి ఉంది. ఆయన సొరుగులోంచి బ్లేడు తీసి జాగ్రత్తగా విప్పాడు. లోపల తెల్ల చొక్కా. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి ఉంది. భీమిలిలో ఆ మధ్య దర్భల బొమ్మకు దహనం జరిగిందని ఆయనకు బంధువుల ద్వారా అప్పటికే తెలుసు. చొక్కాను ఒడిలో పెట్టుకుని, పొట్ట తడుముకుని, "ఇప్పుడు నాకు పట్టదు" అన్నాడు.

ఆ ఏడు ఉత్తరం ఇంకా రాలేదు. అందుకని నేను పార్సిల్ గుడ్డ దులిపి చూశాను, చొక్కా జేబులో చూశాను, మడత విప్పి మళ్ళీ చూశాను. ఏమీ లేదు.

కెప్టెన్ సాబ్ మాత్రం వెతకలేదు.